హేరాస్ త్రాసు: విజయనగర చరిత్రలో పాదిరీల లేఖలు, తెలుగు వంశావళులు

విజయనగర సాహిత్యం మీద మన విశ్వవిద్యాలయాలలో వెలువడే సిద్ధాంత గ్రంథాలలో ఫాదర్ హెన్రీ హేరాస్ పేరు సాధారణంగా రెండు సందర్భాలలో కనిపిస్తుంది. ఆరవీటి రాజుల పాలనాకాలం చెప్పవలసి వచ్చినప్పుడు అధస్సూచికలో ఒక పుటసంఖ్యగా కనిపిస్తుంది. విద్యారణ్యుల ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రం ఆయన విదేశీయుడని, మతగురువని, అందుచేత ఆయన మాట పాటించనక్కరలేదని ఒక వాక్యం కనిపిస్తుంది. తేదీలు ఇచ్చేటప్పుడు ప్రమాణమైన మనిషి ఐతిహ్యాన్ని ప్రశ్నించేటప్పటికి అప్రమాణం ఎట్లా అయ్యాడన్న సందేహం సిద్ధాంతకర్తకు గాని, పర్యవేక్షకునికి గాని, పరీక్షకునికి గాని కలిగినట్లు తోచదు. ఈ రెండు వైఖరులూ పైకి విరుద్ధంగా ఉన్నా నిజానికి ఒక్కటే. రెండింటిలోనూ హేరాస్‌ను చదవడం లేదు.

ఆయనను చదవాలి, చదివి ఆయనతో వాదానికి దిగాలి. వాదం ఎక్కడ పెట్టుకోవాలన్నదే ప్రశ్న. శృంగేరి ఐతిహ్యాన్ని పరీక్షించడానికి హేరాస్ వాడిన త్రాసు సరైనదే. లోపం త్రాసులో లేదు. తాను చేరిన యేసుసభ పాదిరీల లేఖలను తూచవలసి వచ్చినప్పుడు అదే త్రాసును ఆయన అంత గట్టిగా పట్టుకోకపోవడంలో ఉంది. తెలుగు, కన్నడ చరిత్రకారులు ఆయనతో చేసిన చర్చ ప్రధానంగా విజయనగర స్థాపకులు ఏ జాతివారన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. సాక్ష్యాలను తూచే పద్ధతి గురించి జరగవలసిన చర్చ వెనుకబడిపోయింది. దాని ఫలితాన్ని ఇవాళ తెలుగు శాఖలు అనుభవిస్తున్నాయి: పాదిరీ లేఖ అంటే వాస్తవం, తెలుగు పద్యం అంటే అతిశయోక్తి అన్న అంతస్తుల వ్యవస్థ మన పరిశోధనలో పాతుకుపోయింది. దానిని కూలదోయవలసినవాళ్లం మనమే.

హేరాస్ 1888లో బార్సిలోనాలో జన్మించాడు. యేసుసభలో చేరి, గురుపట్టం పొంది, 1922లో బొంబాయికి వచ్చి సెయింట్ జేవియర్ కళాశాలలో చరిత్ర బోధకుడయ్యాడు. ఏ చరిత్ర చెబుతారని అడిగితే భారతదేశ చరిత్ర అన్నాడని, దాని గురించి ఏమి తెలుసునని అడిగితే ఏమీ తెలియదు, నేర్చుకుంటాను అన్నాడని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా ఆ తరువాతి పని మాత్రం కళ్లెదుట ఉంది. 1926లో ఆ కళాశాలలోనే భారత చరిత్ర పరిశోధన సంస్థను నెలకొల్పాడు; ఆయన మరణానంతరం అది ఆయన పేరనే కొనసాగుతున్నది. అదే సంవత్సరం భారతీయ విద్యార్థుల కోసం చరిత్ర రచనా పద్ధతి మీద ఒక చిన్న పాఠ్యగ్రంథం ప్రకటించాడు. 1927లో ఆరవీటి వంశ చరిత్ర మొదటి సంపుటం, 1929లో విజయనగర చరిత్ర ఆరంభదశ మీద గ్రంథం, ఆ వెంటనే పల్లవుల మీద గ్రంథాలు వచ్చాయి. ‘కదంబకుల’ గ్రంథకర్త జార్జి మొరేస్ ఆయన శిష్యుడే. అయిదారేళ్లలో ఒక పరాయి దేశస్థుడు దక్షిణ భారత చరిత్రలో ఇంత మేర పని చేయడం సామాన్యం కాదు. 1955 డిసెంబరులో బొంబాయిలోనే కన్నుమూశాడు. 1981లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఆయనను చర్చి చరిత్రకారుడు అనవచ్చునా అని కొందరు సందేహిస్తారు. చర్చి చరిత్ర పేరుతో ఆయన రాసినవి తక్కువే. కాని ఆరవీటి వంశ చరిత్రలో వెంకటపతిరాయల కొలువులోని పాదిరీల కథ అనుబంధం కాదు. గ్రంథానికి అది ఒక మూలస్తంభం. ఆ గ్రంథం ఇతర చరిత్రలకంటె భిన్నంగా ఉండడానికి కారణమే యేసుసభ వారి లేఖా భాండాగారం. 1933లో భారతదేశంలో యేసుసభ వారి మతాంతరీకరణ విధానం మీద ఒక పుస్తకం కూడా రాశాడు. దానిని చదివినవారికి ఆ పుటలలో చరిత్రకారుని గొంతుకంటె తన సంఘం పక్షాన నిలిచిన న్యాయవాది గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. హేరాస్‌లో ఈ ఇద్దరూ ఉన్నారు. ఒకరిని తీసుకుని మరొకరిని మరచిపోవడం కుదరదు.

ముందుగా విద్యారణ్యుల విషయం. కథ అందరికీ తెలిసినదే. హరిహర బుక్కరాయలు వేటకు వెళ్లారు. కుందేలు వేటకుక్కల మీద తిరగబడింది. ఆ వింతను విద్యారణ్యులకు విన్నవించగా అది వీరభూమి అని ఆయన నగర నిర్మాణానికి ఆదేశించారు. 1336లో విజయనగరం వెలిసింది. ఈ కథకు ఆధారాలుగా చూపే తామ్రశాసనాలలో 1336 నాటివని చెప్పుకునేవి కూటశాసనాలన్న అనుమానం హేరాస్ కంటె ముందే శాసన పరిశోధకులలో ఉంది. హేరాస్ చేసినదల్లా ఆ అనుమానాన్ని చివరిదాకా తీసుకుపోవడం. తొలినాటి శాసనాలలో విద్యారణ్యులు నగర స్థాపకునిగా ఎందుకు కనిపించరు? 1346లో సంగమ సోదరులు శృంగేరిలో విజయోత్సవం జరిపి దానం చేసినప్పుడు శాసనం భారతీతీర్థులను పేర్కొంటుంది గాని, రాజ్యాన్ని ప్రసాదించిన విద్యారణ్యులను ఎందుకు పేర్కొనదు? విద్యారణ్యులు శృంగేరి పీఠాధిపతిగా కనిపించేది 1380 ప్రాంతంలో. ఆయన సిద్ధి పొందినది 1386లో. అర్ధ శతాబ్దం ముందటి రాజ్యస్థాపనకు ఆయనను తీసుకుపోయినది ఎవరు, ఎప్పుడు? పదహారవ శతాబ్దిలో శృంగేరి మఠం వారే కల్పించారని హేరాస్ సమాధానం చెప్పాడు.

ఈ సమాధానం విన్న మనవాళ్లకు కోపం వచ్చింది. కోపం రావడం సహజమే. అయితే కోపం వాదం కాదు. ఒక కతోలిక గురువు హిందూ పీఠాన్ని కించపరచడానికే ఇట్లా రాశాడనే మాట ఇప్పటికీ సదస్సులలో వినిపిస్తుంది. ఆ మాట అనేవారు ఒక్క పని చేయాలి. హేరాస్ అడిగిన ప్రశ్నల మీది నుంచి ఆయన పేరు చెరిపివేసి, అవే ప్రశ్నలను మన పండితుడెవరో అడిగాడనుకుని చదవాలి. అప్పుడు 1346 శాసనం మారుతుందా? తామ్రశాసనాల లిపి, భాష మారుతాయా? శాసనం ముందు అంగీ రంగు పనికి రాదు. పైగా 1980లలో జర్మన్ చరిత్రకారుడు హెర్మన్ కుల్కే అదే సామగ్రిని మళ్లీ తిరగవేసి, విద్యారణ్యులు రాజ్యస్థాపకుడన్న కథ తరువాతి కాలపు నిర్మాణమేనన్న నిర్ణయానికి వచ్చాడు. ఆయనకు చర్చి వృత్తి లేదు. మరి ఆయనను ఏమని కొట్టిపారవేస్తాం?

హేరాస్ తొందరపడిన చోట్లు లేవని కాదు. ఐతిహ్యం ఆలస్యంగా పుట్టిందని నిరూపించడం ఒకటి. ఫలానా మఠంలో ఫలానావారు కావాలని అబద్ధం అల్లారని తీర్పు చెప్పడం మరొకటి. మొదటిదానికి శాసనాలు చాలు. రెండవదానికి అల్లినవారి మనస్సు తెలియాలి. ఇక నగర మూలాన్ని హొయసల వీరబల్లాళుని ఉత్తర సరిహద్దు రక్షణ ఏర్పాట్లతో ముడిపెట్టి, హరిహరుణ్ణి ఆయన కొలువులోని అధికారిగా చూపడంలో ఆయన ఆధారాలను మించి నడిచాడు. ఈ చోటనే నేలటూరి వెంకటరమణయ్య ఆయనను ఎదుర్కొన్నారు. విజయనగర మూలాల మీద 1933లో వెలువడిన ఆయన గ్రంథం సంగమ సోదరులను కాకతీయ ప్రతాపరుద్రుని కొలువు నుంచి, కంపిలి మీదుగా, ఢిల్లీ చెరలోంచి తీసుకువచ్చి నిలబెట్టింది. ఆ వాదంలో పాండిత్యం ఉంది, శ్రమ ఉంది. అయితే ఆ తరువాతి తరం దానిలో నుంచి తీసుకున్నది పాండిత్యం కాదు, జాతి. కన్నడ పక్షం, ఆంధ్ర పక్షం అని రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. ఎవరి సాక్ష్యం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న ఆ రణగొణధ్వనిలో మునిగిపోయింది. స్థాపకులు తెలుగువారైతే మన పరిశోధన ఉత్తమం, కన్నడిగులైతే అధమం అన్నట్లు సాగిన ఆ వాదాలను ఇప్పుడు తిరిగి చదువుతుంటే విసుగు కలుగుతుంది.

విద్యారణ్యుల కథ ‘రాయవాచకం’లో కూడా ఉంది. స్థానాపతి తన నాయకునికి పంపిన నివేదిక రూపంలో ఉన్న ఈ వచన గ్రంథాన్ని చాలాకాలం కృష్ణదేవరాయల కాలపు సాక్ష్యంగా వాడుకున్నాం. ఫిలిప్ వాగొనర్ 1993లో దీనిని ఆంగ్లంలోకి అనువదిస్తూ, ఇది 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టినదని వాదించాడు. అంటే రాయల యుగానికి దాదాపు మూడు తరాల దూరం. హేరాస్ ఈ మాట వింటే కల్పన అని గిరి గీసి పుస్తకం మూసేవాడేమో. వాగొనర్ మూయలేదు. పడిపోయిన రాజధానిని తలచుకుంటూ, తమ అధికారానికి మూలం వెదుక్కునే నాయకులకు ఈ కథ ఎందుకు కావలసి వచ్చిందని అడిగాడు. ఐతిహ్యం అబద్ధమా నిజమా అన్న ప్రశ్న తరువాత రావలసిన ప్రశ్న అదే. అది సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న కూడా. ఆ పని చేయడానికి వెలుపలి నుంచి ఒకరు రావలసి వచ్చిందంటే మన శాఖలు ఏమి చేస్తున్నట్లు?

ఇప్పుడు త్రాసు రెండవ పళ్లెం వైపు చూద్దాం. వెంకటపతిరాయల కాలంలో, 1598లో, మైలాపూరు శాంథోం నుంచి యేసుసభ పాదిరీలు చంద్రగిరికి వచ్చారు. రాజు వారిని ఆదరించాడు. చర్చి కట్టుకోవడానికి అనుమతించాడు. వారిని పంపిన పర్యవేక్షకుడు నికొలావు పిమెంటా రోముకు రాసిన లేఖలు పదిహేడవ శతాబ్ది తొలి ఏళ్లలోనే ఐరోపాలో అచ్చయ్యాయి. పర్చాస్ 1625లో తన యాత్రా సంకలనంలో వాటి సారాన్ని ఆంగ్లంలో చేర్చాడు. చంద్రగిరిలోనూ, ఆ తరువాత వేలూరులోనూ ఉన్న పాదిరీలు ఏటేటా లేఖలు పంపుతూ వచ్చారు. హేరాస్ ఆరవీటి చరిత్రకు ప్రాణం పోసినవి ఈ లేఖలే. రాజు ఎట్లా కూర్చున్నాడు, ఏమడిగాడు, కొలువులో ఎవరు అనుకూలురు, ఎవరు ప్రతికూలురు అన్న వివరాలు శాసనాలలో దొరకవు. వాటి విలువను కాదనలేము.

అయితే ఈ లేఖలు ఎవరి కోసం రాసినవి? యేసుసభ నియమం ప్రకారం ప్రతి మండలం నుంచి ఏడాదికొక లేఖ రోముకు వెళ్లాలి. అవి ఇతర మఠాలలో, కళాశాలలలో అందరూ వినేటట్లు చదవడానికి ఉద్దేశించినవి. విన్నవారి భక్తి పెరగాలి, కుర్రవాళ్లకు తూర్పు దేశాలకు పోవాలన్న ఉత్సాహం కలగాలి, దాతల చేయి కదలాలి. అందుచేత వాటికి ఒక ప్రక్రియా స్వరూపం ఏర్పడింది. రాజు స్వతహాగా మంచివాడు. సత్యం వినడానికి ఇష్టపడతాడు. ఇవాళో రేపో మారిపోతాడు. అడ్డుపడేవారు చుట్టూ ఉన్న బ్రాహ్మణులు. ఈ ముడిసరుకుతోనే లేఖ తరువాత లేఖ తయారవుతుంది. ఇది అబద్ధమని నా అభిప్రాయం కాదు. రాసినవాడు నమ్మి రాసి ఉండవచ్చు. కాని ఇది కావ్యావతారిక వంటి ప్రక్రియా నియమం. అవతారికలో కృతిపతి కర్ణుణ్ణి మించిన దాత అని చదివినప్పుడు మనం ఆగి, ఇది షష్ఠ్యంతాల భాష, ఇందులో నిజం ఎంత అని లెక్క వేస్తాం. ప్రబంధ రాజు సప్తసముద్రాల దాకా ఏలాడంటే నవ్వి ఊరుకుంటాం. మరి చంద్రగిరి రాజు క్రైస్తవానికి అడుగు దూరంలో ఉన్నాడని పాదిరీ రాస్తే, దానిని రాజు మతసహిష్ణుతకు రుజువుగా మన సిద్ధాంత గ్రంథాలలోకి ఎందుకు ఎత్తిరాస్తున్నాం? రాజగురువును తమకు ప్రత్యర్థిగా చూసే కన్ను ఆయనను వర్ణించినప్పుడు, ఆ వర్ణనను పోలీసు నివేదికలాగా ఎందుకు స్వీకరిస్తున్నాం?

హేరాస్ శృంగేరి తామ్రశాసనాన్ని అడిగిన మూడు ప్రశ్నలు ఈ లేఖలకూ వర్తిస్తాయి. ఎవరు రాశారు? సంఘటనకు ఎంత దూరంలో ఉండి రాశారు? ఇట్లా రాయడం వల్ల ఎవరికి ప్రయోజనం? ఆరవీటి చరిత్రలో ఆయన రెండవ ప్రశ్న అప్పుడప్పుడు అడుగుతాడు. మూడవది అడిగే సందర్భాలు చాలా అరుదు. మఠం తన గౌరవం కోసం కథ పెంచుకోగలదని గ్రహించిన చరిత్రకారునికి, తన మఠానికీ ఆ బలహీనత ఉండవచ్చునని తోచకపోవడం విచిత్రం. అది దురుద్దేశం అనను. ఇంటి భాష వినిపించినంత సేపు అది భాష అని మనకు తోచదు. మామూలు గాలిలా ఉంటుంది.

ఒక ఉదాహరణతో ఈ మాట స్పష్టమవుతుంది. 1614లో వెంకటపతిరాయలు మరణించాడు. హేరాస్ మొదటి సంపుటం అక్కడ ముగుస్తుంది; రెండవ సంపుటం వెలువడలేదు. ఆ తరువాత జరిగిన అంతఃకలహానికి ప్రధాన సాక్ష్యంగా మనం వాడేది మాన్యువల్ బర్రదాస్ అనే పాదిరీ లేఖ. డేవిడ్ లోపెస్ దానిని పోర్చుగీసులో వెలికి తీయగా, సూయెల్ 1900లో విజయనగరం మీద తన ప్రసిద్ధ గ్రంథంలో ఆంగ్లానువాదం ఇచ్చాడు. వారసునిగా నియమితుడైన శ్రీరంగరాయలను జగ్గరాయడు బంధించడం, రాణి బిడ్డ అని చెప్పి వేరొకరి బిడ్డను సింహాసనానికి నిలపడం, యాచమనాయకుడు చాకలి సాయంతో శ్రీరంగని కుమారులలో ఒకణ్ణి కోటలో నుంచి బయటికి చేర్చడం, ఆపైన శ్రీరంగని కుటుంబమంతా చెరలో నశించడం ఇందులో ఉన్నాయి. గుండె బిగపట్టుకుని చదివించే కథనం. అందుకే దీనిని ప్రత్యక్షసాక్షి కథనంగా మనవాళ్లు వాడుతున్నారు. కాని లేఖ రాసిన చోటు కొచ్చి. తేదీ 1616 డిసెంబరు 12. వేలూరు కోట లోపల జరిగిన మాటలు కొచ్చిలోని పాదిరీ చెవికి ఎన్ని నోళ్లు దాటి వచ్చాయో ఊహించుకోవచ్చు.

ఈ లేఖ చివర తిరుచిరాపల్లి మైదానాలలో రెండు పక్షాల సేనలు మోహరించి ఉన్నాయి. ఎందరు? లక్ష కాదు, పది లక్షలట. మన వంశావళి కవి ఈ సంఖ్య చెప్పి ఉంటే ఏమనేవాళ్లం? ఇక కథ అక్కడితో ఆగిపోతుంది. యుద్ధం ఇంకా జరగలేదు. కావేరి ఆనకట్ట దాపున తోపూరులో పోరు జరిగిందని, యాచమనాయకుడు, తంజావూరు రఘునాథనాయకుడు ఒక పక్షాన నిలిచారని, జగ్గరాయడు కూలాడని మనకు తెలిసేది ఏ లేఖ ద్వారా? కొలువు కవుల ద్వారా. తంజావూరు కొలువులో యజ్ఞనారాయణ దీక్షితులు, రామభద్రాంబ సంస్కృతంలో రాసిన కావ్యాలు, యాచమనాయకుని వంశం వారి కోసం చెప్పిన తెలుగు పద్యాలు ఈ కథను ముగిస్తాయి. ఆ పద్యాలను ‘వెలుగోటివారి వంశావళి’గా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ద్వారా పరిష్కరించి ప్రకటించినవారు మరెవరో కాదు, నేలటూరి వెంకటరమణయ్య. విజయనగర మూలాల విషయంలో హేరాస్‌తో తలపడిన మనిషే, వంశస్తుతిని చరిత్ర సామగ్రిగా ఎట్లా చదవాలో చేసి చూపించారు. మూలాల వాదం గుర్తుంచుకున్నాం గాని ఈ పని మరచిపోయాం.

వంశావళికి తన పక్షపాతం ఉంది. యాచమనాయకుడు ఓడిన పోరాటాలు అందులో వెదకనక్కరలేదు. తంజావూరు కావ్యంలో గెలుపంతా రఘునాథునిదే. వెలుగోటివారి పద్యాలలో గెలుపంతా యాచమునిదే. ఇద్దరు యజమానుల ఇద్దరు కవులు ఒకే శత్రువును, ఒకే ఫలితాన్ని చెబుతూ కీర్తి దగ్గర మాత్రమే తగవులాడుకుంటున్నారంటే, ఆ ఏకీభావానికి విలువ ఉంది. ఆ ఇద్దరినీ ఎరుగని కొచ్చి పాదిరీ యాచమ, జగ్గరాయల వైరాన్నే చెప్పాడంటే దాని విలువ మరింత. సాక్ష్యాలు ఒకదానికొకటి తెలియకుండా కలుసుకున్న చోట చరిత్ర ఉంటుంది. లేఖలో చాకలి కథ ఒంటరిగా నిలబడితే దానిని ఒంటరిగానే చెప్పాలి. పద్యంలో ఒక వీరుని పేరు ఒంటరిగా నిలబడితే దానికీ అదే మర్యాద. ఈ సమాన ధర్మమే హేరాస్ తన విద్యార్థులకు బోధించిన పద్ధతికి సారం. ఆయన పద్ధతితో ఆయననే తూచడం ఆయనకు ద్రోహం కాదు.

దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. సాహిత్యం రసం కోసం, చరిత్ర వేరే శాఖ పని అని ఒక వర్గం అంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించినప్పుడే ఈ అభ్యంతరానికి కాలం చెల్లింది. శాసనాలు చెప్పని తిండి, బట్ట, ఆట, పండుగ కావ్యాలలో నుంచి ఏరి చూపినవాడికి చరిత్ర శాఖ పట్టా అవసరం కాలేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 1992లో నాయకరాజుల కొలువుల మీద రాసిన గ్రంథం ఐరోపా పత్రాలను, తెలుగు కావ్యాలను ఒకే బల్ల మీద పరచింది. వారి నిర్ణయాలన్నీ ఒప్పుకోనక్కరలేదు. బల్ల మాత్రం సరైనది.

రెండవ అభ్యంతరం మరింత చిక్కుది. పాదిరీల లేఖలను అనుమానించాలన్న వాదం, పాదిరీలనే అనుమానించేవారి చేతికి కర్ర ఇవ్వదా అని. ఇస్తుంది, సగం వాదమే తీసుకుంటే. లేఖను తూచి మఠాన్ని వదిలేసే త్రాసు నాకు అక్కరలేదు. మఠాన్ని తూచి లేఖను వదిలేసినదే హేరాస్‌పై ఈ వ్యాసం మోపే నేరం. దానినే తిప్పి చేసేవారికి హేరాస్‌ను తప్పుపట్టే హక్కు ఎక్కడిది? తెలుగునాట కతోలిక మండలాలు, విచారణలు వెలువరించే జూబిలీ సంచికలలో ఎంతో స్థానిక చరిత్ర ఉంది. కరువులు, వలసలు, బడులు, కులాల మధ్య మర్యాదలు అందులో నమోదై ఉన్నాయి. దేవాలయ స్థలపురాణాల మీద వ్యాసాలు అచ్చువేసే పరిశోధన పత్రికలు వాటిని సమీక్షకు కూడా తీసుకోవు. అనుమానించడానికైనా ముందు చదవాలి కదా.

హేరాస్ చివరి ఇరవై ఏళ్లు సింధు ముద్రల మీద గడిచాయి. 1953లో వచ్చిన ఆయన గ్రంథం ఆ లిపిలో ప్రాచీన ద్రావిడ భాషను చదివింది, వాక్యాలతో సహా. చేప గుర్తును ‘మీన్’ అని చదివి నక్షత్రం అన్న అర్థానికి జోడించిన ఊహను తరువాతివారు గౌరవించారు. మిగిలిన చదువును చాలామంది వదిలివేశారు. తెలుగులో ‘మీను’ చేపే. నక్షత్రం మనకు చుక్క. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, ఎదురు చెప్పలేని సాక్షి దొరికినప్పుడు హేరాస్ ఊహకు పగ్గాలు ఉండేవి కావని దీనివల్ల తెలుస్తుంది. ముద్ర మాట్లాడదు. శృంగేరి శాసనం మాట్లాడింది, అందుచేత విజయనగర గ్రంథంలో హేరాస్ కొంతైనా అదుపులో ఉన్నాడు. పాదిరీ లేఖలకు ఎదురు మాట్లాడగలిగినవి తెలుగు గ్రంథాలు. వాటిని అప్పటికి ఆయనకు అందించినది కృష్ణస్వామి అయ్యంగారు 1919లో కూర్చిన విజయనగర ఆధార సంకలనం. అందులో మూలాలు ముక్కలుగా, ఆంగ్ల సంగ్రహాలతో ఉన్నాయి. నీలకంఠశాస్త్రి, వెంకటరమణయ్య కలిసి మూడు సంపుటాలలో మరిన్ని ఆధారాలు ప్రకటించేసరికి 1946 అయింది. ముక్కలుగా దొరికిన సాక్షి గట్టిగా ఎదురు చెప్పలేడు. ఆ లోటు హేరాస్ ఒక్కడిది కాదు.

ఆ లోటు ఇప్పుడు రెండు వైపులా ఉంది. చంద్రగిరి, వేలూరు లేఖలు లాటిన్‌లో, పోర్చుగీసులో, ఇటాలియన్‌లో ఉన్నాయి. మనం చదివేది హేరాస్ ఆంగ్లంలో తీసిన సారం. ఆయన ఏది వదిలాడో, ఏ విశేషణం మెత్తబరిచాడో మనకు తెలిసే మార్గం లేదు. ఏ తెలుగు శాఖ అయినా ఒక భాషా నిపుణుణ్ణి తోడు చేసుకుని, 1598 మొదలు పదిహేనేళ్ల లేఖలను సంపూర్ణంగా తెలుగు చేయించవచ్చు. అది ఇద్దరు పరిశోధకులకు అయిదేళ్ల పని. మన అలంకార చర్చలకయ్యే సదస్సుల ఖర్చులో చిన్న భాగం. ఆ అనువాదాన్ని ‘వెలుగోటివారి వంశావళి’ పక్కన, అందుగుల వెంకయ్య ‘రామరాజీయం’ పక్కన స్నాతకోత్తర పాఠ్యంగా పెట్టాలి. లేఖకు అలంకారశాస్త్రం, పద్యానికి కాలనిర్ణయం అడిగే ప్రశ్నపత్రం ఒకటి తయారు చేయాలి. ఆ తరువాత వచ్చే సిద్ధాంత గ్రంథంలో హేరాస్ పేరు అధస్సూచిక దాటి పైకి, వాదం జరిగే చోటికి వస్తుంది. అప్పటిదాకా పరీక్షకులుగా మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. పాదిరీ కాబట్టి నమ్మరాదు అన్న వాక్యం కనిపించినా, పాదిరీ చూసి రాశాడు కాబట్టి నమ్మాలి అన్న వాక్యం కనిపించినా, ఆ పుటకు గుర్తు పెట్టి గ్రంథాన్ని సవరణకు తిప్పి పంపవచ్చు.